మందు పూసిన దారం

కుట్లు చీము పట్టడం మన ఇళ్ళలో ఎంత మామూలు మాటంటే, అదీ ఆపరేషన్‌లో ఒక భాగమే అనుకుంటాం. పప్పు తిన్నందువల్లే పట్టిందని రోగినే తప్పుపట్టే పెద్దలూ ఉన్నారు! పాపం పప్పు మాటెలా ఉన్నా, దారానికి మాత్రం ఇందులో పాత్ర ఉంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు మనుషుల చర్మం మీదే పరీక్షించి చూశారు. చీము పుట్టడానికి మామూలుగా లక్షల సంఖ్యలో స్టెఫిలోకాకస్ సూక్ష్మజీవులు కావలసి ఉండగా, లోపల పట్టుదారం ఉన్నచోట కొన్ని వందలే సరిపోయాయి.

మరి ఆ దారానికే మందు పట్టిస్తే? ఆలోచన పాతదే. 1869 నాటికే జోసెఫ్ లిస్టర్ పేగుదారాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుద్ధిచేసి వాడాడు. మన కాలంలో అది ట్రైక్లోసాన్ పూత అయింది. 2002లో అమెరికాలో అనుమతి పొందిన ఈ దారం నుంచి మందు మెల్లగా చుట్టూ ఉన్న కణజాలంలోకి దిగి, సూక్ష్మజీవులు దారాన్ని పట్టుకుని పెరగకుండా కొన్నాళ్ళు అడ్డుకుంటుంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, గట్టిగా కాకపోయినా, దీన్ని వాడమని సూచించింది. (అదే ఏడాది అదే ట్రైక్లోసాన్‌ను చేతులు కడిగే సబ్బుల్లోంచి తీసేయమని అమెరికా ఆదేశించడం వేరే కథ.)

అయితే 2021లో వెలువడిన ఫాల్కన్ అధ్యయనం చదివాక నా ఉత్సాహం కొంత తగ్గింది. భారత్‌తో సహా ఏడు దేశాల్లో, కడుపు ఆపరేషన్ చేయించుకున్న 5,788 మందిని పరిశీలిస్తే, పూత ఉన్న దారానికీ లేని దారానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఏ దారం వాడినా ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా గాయానికి ఇన్ఫెక్షన్ సోకింది. అవే ఏడు దేశాల్లో, 13,301 మందితో జరిగిన చీతా అనే మరో అధ్యయనం మరుసటి ఏడాది వెలువడింది. అందులో చేసినదల్లా, గాయం మూసేముందు వైద్యబృందం గ్లౌజులూ పనిముట్లూ మార్చడమే. ఇన్ఫెక్షన్లు 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి.

పూతదారం పనికిరాదని నేననను. 2021లోనే బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ దాన్ని సిఫారసు చేసింది. కానీ మన ప్రభుత్వాసుపత్రిలో ఖర్చుపెట్టడానికి ఉన్నది కొద్ది డబ్బే అయితే, అది ముందు ఆ రెండో జత గ్లౌజులకూ, శుద్ధిచేసిన మరో పళ్ళెం పనిముట్లకూ వెళ్ళాలని నా అభిప్రాయం. కూలికి వెళితేగానీ పొయ్యి వెలగని మనిషి, కుట్లు మానక వారాల తరబడి కట్లు మార్పించుకోవడానికి ఆసుపత్రి చుట్టూ తిరగడం చిన్న నష్టం కాదు.

శస్త్రవైద్యులెవరైనా ఇది చదువుతూంటే, గాయం మూసేముందు గ్లౌజులు మార్చడం మీ దగ్గర అలవాటుగా ఉందో లేదో తెలియజేయగలరు.