పింజారి భుజం మీది తంబూరా

హిందూపురంలో మా వద్ద చదువుకునే ఒక కుర్రవాని తండ్రి గత నెలలో జుమా నమాజు అనంతరం మమ్మల్ని మసీదు మెట్ల వద్ద ఆపారు. కుమారుడు దాచుకున్న డబ్బుతో గిటారు కొన్నాడట. తానే పాటలు కట్టి తానే పాడుతున్నాడట. తండ్రిగారు ఆ గిటారును అటక మీదికి ఎక్కించేశారు. "హజ్రత్, ఇది హరామా, హలాలా? ఒక్క మాటలో చెప్పండి" అన్నారు. ఒక్క మాటలో చెప్పటం మాకు చేతకాలేదు.

ఫిఖహ్ పండితులలో అధిక సంఖ్యాకులు తంత్రీవాద్యాలను అనుమతించలేదు. ఇది దాచవలసిన సంగతి కాదు. ఇమామ్ గజాలీ తమ 'ఇహ్యా'లో పాట వినడం గురించి ఒక ప్రకరణమే రాశారు. పాట హృదయంలో దేనిని రేపుతుందో చూడమన్నారు. అయినా తంత్రీవాద్యాలను మాత్రం ఆయన కూడా మినహాయించారు. అందలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ దీనికి భిన్నంగా, వాద్యాలను నిషేధిస్తున్నాయని చెప్పే హదీసులు ప్రామాణికమైనవి కావన్నారు. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతూండగా హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించబోతే, దైవప్రవక్త (స) వారిని పాడనివ్వమన్న ఉదంతం బుఖారీలో ఉంది. ఇన్ని మాటలున్న చోట ఒక్క మాట అడగటం, ఒక్క మాట చెప్పటం రెండూ తొందరపాటే.

అసలు మనకు పాట వినటం వచ్చునా అన్నది మా సందేహం. ఈ సందర్భంలో షేక్ నాజర్ మాకు గుర్తుకు వస్తున్నారు.

ఆయన 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో జన్మించారు. ప్రజానాట్యమండలి ద్వారా బుర్రకథను ఊరూరికీ తీసుకువెళ్లారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు కథలను పాడారు. 1986లో పద్మశ్రీ పొందారు. 1997లో కన్నుమూశారు. 'పుట్టిల్లు', 'అగ్గిరాముడు' సినిమాలలో ఆయన బుర్రకథను ఇప్పటికీ చూడవచ్చు, వినవచ్చు.

మేము చిన్నతనంలో బుర్రకథ విన్నది ధర్మవరంలో, మా మామూగారి పక్కింటి నేతగాని రేడియోలో. కథ సాగినంతసేపు గుంట మగ్గం మీద నాడె ఆడేది కాదు. ఆ రోజు పట్టుచీర ఎంత వెనకబడినా సరే. ఇంతకూ అందులో ఉన్న సంగీత సామగ్రి ఎంత? కథకుని భుజాన ఒక తంబూరా, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. పక్కన వంతలిద్దరి చేతుల్లో మట్టి గుమ్మెటలు. అంతే. శ్రుతీ తాళమూ రెండూ కథకుని చేతుల్లోనే పుడతాయి. కథ యుద్ధానికి వచ్చేసరికి ఆ చేతులు ఉరుకుతాయి, తల్లి దుఃఖానికి వచ్చేసరికి నెమ్మదిస్తాయి. నాజర్ గొప్పతనం ఏమంటే, ఎంత ఉరికినా మాట నలగదు. చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా ప్రతి అక్షరం అందుతుంది. వాద్యం మాటకు సేవకుడు కావాలి గాని యజమాని కాకూడదు. ఈనాడు పెళ్లిళ్లలో పెట్టే ఆ పెద్ద స్పీకర్ల వద్ద ఇది ఎవరికి చెప్పగలం!

ఆ రోజుల్లో ఉర్దూ మాట్లాడే మా ఇంటివారు నాజర్ పేరు వింటే పెదవి విరిచేవారు. "పింజారీలు, ఉర్దూ రాదు" అనేవారు. మేమూ నవ్వాము. తెలుగులో 'పింజారి' తిట్టుగా చెల్లుబాటైన మాట. అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరబద్ధం చేసిన నాజర్ ఆత్మకథ పేరు కూడా 'పింజారి'యే. లోకం విసిరిన మాటనే ఆయన పుస్తకం అట్ట మీద పెట్టుకున్నారు. హిందూపురం వీధుల్లో పరుపులు కుట్టేవారు దూది ఏకే విల్లు మోగించుకుంటూ వచ్చేవారు. దానికీ నారి ఉంది, అదీ మోగుతుంది. ఆ మోతకూ తంబూరా మోతకూ చుట్టరికం ఉందని మాకు చాలా ఆలస్యంగా తట్టింది. పెనుకొండ బాబయ్య దర్గా వద్ద ఫకీర్ల దఫ్ వినటానికి నిలబడే మేము, మన తెలుగు ముస్లిం పాటగాణ్ణి మాత్రం మనవాడనుకోలేకపోయాము.

గిటారు సంగతికి వస్తే, లండన్‌లో 1948లో పుట్టిన క్యాట్ స్టీవెన్స్ ఉన్నారు. ఒక గిటారు, ఒక మెత్తని గొంతు, తాను రాసుకున్న పాట. 1970లో వచ్చిన 'టీ ఫర్ ద టిల్లర్‌మన్' ఆల్బమ్‌తో లోకమంతా పేరు వచ్చింది. 1977లో ఇస్లామ్ స్వీకరించి యూసుఫ్ ఇస్లామ్ అయ్యారు. 1979లో గిటార్లను వేలం వేయించి ఆ సొమ్మును దానం చేశారు. 1983లో లండన్‌లో పిల్లలకు పాఠశాల స్థాపించారు. ఏళ్ల తరువాత కుమారుడు ఇంటికి తెచ్చిన గిటారు ఆయన చేతికి వచ్చింది. 2006లో మళ్లీ పాటల ఆల్బమ్ వెలువరించారు. విడిచినది భయభక్తులతోనే, తిరిగి చేపట్టినది చదివి, ఆలోచించిన మీదటనే. ఆయన నిర్ణయాన్ని అంగీకరించని ఉలమాలు ఉన్నారు. అయితే ఆ ఇరవై ఏడేళ్ల ఆలోచనను మనం ఒక్క తాళంకప్పతో ముగించగలమా?

మేము ఆ తండ్రిగారితో, ముందు పాట విందాము, తరువాత మాట్లాడుకుందాము అన్నాము. ఆదివారం అసర్ తరువాత వారింటికి వెళ్లాము. అటక మీది నుంచి దింపిన గిటారు తీగలు సడలిపోయి ఉన్నాయి. కుర్రవాడు వాటిని సరిచేసుకుని, మా ఊళ్లో ఖాళీ బిందెలతో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే తన నానీమీద కట్టిన పాట పాడాడు. తెలుగులోనే పాడాడు. గొంతు ఇంకా పండలేదు, రెండు చోట్ల తాళం తప్పింది. తండ్రిగారు తల వంచుకుని చివరిదాకా విన్నారు. పాట ముగిశాక, "ట్యాంకరు సోమవారం కాదురా, మంగళవారం కదా వచ్చేది" అని సరిదిద్దారు.