మూలబడిన గిటారు

బ్లూస్, జానపదగీతములకు పేర్గాంచిన ఎలిజబెత్ కాటన్ 1893లో ఉత్తర కరోలినాలో జన్మించెను. బాల్యముననే పరులయిండ్ల పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో గిటారు కొని, ఎడమచేతివాటము గలది గావున దానిని తలక్రిందుగ బట్టి స్వయముగా నేర్చి, 'ఫ్రైట్ ట్రైన్' అను పాటను కట్టెను. చర్చిపెద్దలు లౌకికగీతములు వలదనగా వాద్యమును విడిచి, దశాబ్దములకొలది ఊడిగము చేసెను. సీగర్ కుటుంబమువారి యింట గిటారును మరల చేపట్టగా, 1958లో ఆమె తొలి పాటల రికార్డు వెలువడెను. 1985లో గ్రామీ బహుమానము లభించెను.

ఆలస్యమైనను ఫలించెను గదా యని కొందఱందురు. మేమట్లు తలంపము. ఆ నడిమి యేండ్లలో పుట్టకయే పోయిన పాటలను తిరిగి తేగలవారెవరు? తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, బిడ్డచేతి వాద్యమును విడిపించుటకు ముందు ఈ నష్టమును లెక్కింపుడు.