తీరిక దొరికేదాకా

ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి దక్కేవి నాలుగు వేల పైచిలుకు వారాలు. బ్రిటిష్ పాత్రికేయుడు ఆలివర్ బర్క్‌మన్ 2021లో వెలువరించిన 'ఫోర్ థౌజండ్ వీక్స్' అనే పుస్తకానికి ఆ లెక్కే పేరయింది. కాలాన్ని ఆదా చేసే చిట్కాలకోసం దాన్ని తెరిచినవారికి ఆశాభంగం తప్పదు. పనులన్నీ తీరిపోయే రోజు ఎన్నటికీ రాదనీ, చురుకు పెరిగిన కొద్దీ పనీ పెరుగుతుందనీ ఆయన వాదన. ఈమెయిళ్ళకు వెంటనే జవాబిచ్చేవారికే మరిన్ని ఈమెయిళ్ళు వస్తాయి. చార్టులు వేళకు ముగించే డాక్టరు మీదనే అదనపు డ్యూటీ పడుతుందన్నది ఆసుపత్రుల్లో పనిచేసేవారికి కొత్త సంగతేమీ కాదు.

కాబట్టి ఏది చేయాలన్న దానికన్నా ఏది మానుకోవాలన్నదే అసలు ప్రశ్న. పనికిమాలినవి మానుకోవడం సులువు. మానుకోవలసినవి చాలావరకు మంచివే కావడంలో ఉంది చిక్కంతా. అమెరికాలో ఒక తెలుగు వైద్యుడి వారాంతాన్ని తీసుకుంటే, సంఘం సమావేశం, మిత్రుల ఇంట గృహప్రవేశం, పిల్లల కూచిపూడి తరగతి, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు ఫోన్లు. వీటిలో తప్పుపట్టదగినది ఒక్కటీ లేదు. హైదరాబాదు నుంచి బరువు చూసుకుంటూ పెట్టెలో సర్ది తెచ్చిన పుస్తకాలు మాత్రం అలమారలోనే ఉండిపోతాయి, రిటైరయ్యాక చదవవచ్చునన్న భరోసాతో.

అలాంటి భరోసా పెట్టుకోని వైద్యుడు విలియం కార్లోస్ విలియమ్స్. న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో 1910 నుంచి సుమారు నలభై ఏళ్ళు పసిపిల్లలకు వైద్యం చేశాడు, కాన్పులు చేశాడు, అర్ధరాత్రి పిలుపు వస్తే శ్రామికుల ఇళ్ళకు వెళ్ళాడు. తోచిన పంక్తులను మందుచీటీల మీదనే గీసుకునేవాడు. 1951లో వచ్చిన ఆత్మకథలో తన బల్లకే అమర్చిన టైప్‌రైటర్ ప్రస్తావన ఉంది. రోగి లేని ఐదు నిమిషాల్లో అది పైకి లేచేది. తలుపు చప్పుడైతే, వాక్యం సగంలో ఉన్నా సరే, లోపలికి పోయేది. వైద్యం తన కవిత్వానికి అడ్డని ఆయన అనుకోలేదు. రోగుల నోట విన్న మాటలే తనకు భాషనిచ్చాయన్నాడు.

మరి ఆయన మానుకున్నదేమిటి? ఎజ్రా పౌండ్, ఎలియట్ యూరప్‌లో స్థిరపడి పేరు తెచ్చుకుంటున్న కాలం అది. విలియమ్స్ 1924లో కొన్ని నెలలు అక్కడ తిరిగి కూడా మళ్ళీ రూథర్‌ఫర్డ్‌కే వచ్చేశాడు. రాజధానుల సాహిత్య సాంగత్యం చెడ్డదేమీ కాదు, అయినా వదులుకున్నాడు. దానికి మూల్యం చెల్లించాడు కూడా. పులిట్జర్ బహుమతి 1963లో, ఆయన పోయిన తరువాత వచ్చింది.

అయితే ఆయన టైప్‌రైటర్ ముందు కూర్చున్నప్పుడు ఇల్లు చక్కబెట్టింది భార్య ఫ్లోరెన్స్. ఒకరు మానుకున్న పని ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్నకు బర్క్‌మన్ పుస్తకంలో దక్కిన చోటు తక్కువే. ఒకేసారి మూడు పనులకు మించి చేతిలో ఉంచుకోవద్దనీ, ఒకటి ముగిశాకే నాలుగోది అందుకోవాలనీ ఆయన సలహా. భార్యాభర్తలిద్దరూ డ్యూటీలకు వెళ్ళే ఇళ్ళలో ఆ మూడింట వంటా, పిల్లల చదువూ లెక్కకు రావాలి, ఇద్దరి జాబితాల్లోనూ.