కెమెరా పట్టేది మనం, ఎంచేది వాళ్లా?

ఇంట్లో మిక్సీ కొనాలంటే మనల్ని అడుగుతారు. కుక్కర్ అయితే మనమే పోయి తెచ్చుకుంటాం. కెమెరా అనేసరికి మాత్రం మరిది, తమ్ముడు, పక్కింటి ఇంజనీరింగ్ పిల్లగాడు కూర్చుని తీర్మానం చేస్తారు. ఏడాదంతా దాన్ని పట్టుకుని పిల్లల పుట్టినరోజులు, బోనాలు, బతుకమ్మలు తీసేది ఎవరు? మనమే. ఇదెక్కడి న్యాయం?

మా ఇంట్లో ఈ మధ్య ఇదే పంచాయితీ నడిచింది. ఫోటోకూ వీడియోకూ పనికొచ్చి, లెన్సు మార్చుకునే వీలున్న చిన్న కెమెరా ఒకటి కొందామని చిట్టీ ఎత్తిన పైసలు పక్కన పెట్టుకున్నాను. "ఫోన్ ఉండంగ ఎందుకు వదినా దండుగ?" అన్నాడు మా మరిది. చాయ్ తాగడం అయ్యేలోపు, "కొంటే పెద్దదే కొనుండ్రి, పెండ్లిళ్లల్ల తీసేటోళ్లది అసొంటిది" అని కూడా ఆయనే అన్నాడు. రెండు మాటలూ తప్పే అంటాను నేను.

పట్టపగలు ఫోన్ బాగానే తీస్తుంది, కాదనను. కానీ మన పండుగలు పట్టపగలు జరుగుతాయా? సద్దుల బతుకమ్మ నాడు పూలు పేర్చేదాకా వెలుగుంటుంది. ఆట మొదలయ్యేసరికి పొద్దు గూకుతుంది. చుట్టూ తిరిగే ఆడవాళ్లు, చప్పట్లు, పైన ఒక్క వీధిలైటు. ఫోన్ సెన్సార్ చిటికెన వేలి గోరంత. ఆ వెలుతురులో అది మొహాలను మైనపు బొమ్మలు చేస్తుంది, తంగేడునూ బంతినీ కలిపి ఒకటే పసుపు ముద్ద చేస్తుంది. నేను చెప్పే చిన్న కెమెరాల్లో ఏపీఎస్‌-సీ అనే సెన్సార్ ఉంటుంది. అది తపాలా బిళ్లంత ఉంటుంది. తేడా అక్కడే.

ఇక పెద్దది. కెనాన్ 5డి మార్క్ 4 బాడీ ఒక్కటే 890 గ్రాములు. దానికి తగ్గ 24-70 లెన్సు మరో 800 గ్రాములు. ఒక చేత్తో చంటిపిల్లను ఎత్తుకుని ఇంకో చేత్తో దాన్ని పట్టమనండి చూద్దాం! సోనీ జడ్‌వీ-ఇ10 లెన్సుతో కలిపి అరకిలో కూడా లేదు. పెద్ద కెమెరా కొన్న ఇళ్లు నాకు తెలుసు. అది బీరువాలో చీరల కింద ఉంటుంది, ఫోటోలు ఫోన్‌లో ఉంటాయి.

షాపులో మొదట చెప్పేది మెగాపిక్సెళ్లు. 24 ఉంటే ఇరవై అంగుళాల ప్రింటు కళకళలాడుతూ వస్తుంది. ఫోర్‌కె వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 8 మెగాపిక్సెళ్లే. అంతకుమించి కట్టే ప్రతి రూపాయీ లెన్సుకు పెట్టాల్సింది. కెమెరాతో వచ్చే లెన్సు జూమ్ చేస్తే ఎఫ్ 5.6 అవుతుంది. ఎఫ్ 1.4 లెన్సు దానికంటే 16 రెట్లు వెలుతురు తీసుకుంటుంది. 16 రెట్లు! మన ట్యూబ్‌లైటు గదిలో కావాల్సింది ఇది. చవగ్గా వస్తుందని 50 మిల్లీమీటర్ల లెన్సు అంటగడతారు. మన గదుల్లో దానితో గోడకు ఆనుకుని తీసినా నలుగురు పట్టరు. 30 లోపుది అడగండి.

తెర పక్కకు తెరుచుకుని ముందుకు తిరగాలి. పెళ్లయి 22 ఏళ్లు. మా ఇంటి ఫోటోలన్నీ ముందేసుకుని కూర్చుంటే నేను ఇంట్లో లేనట్టే ఉంటుంది. మీ ఇంట్లోనూ అంతేనని నాకు తెలుసు. తీసేవాళ్లు ఫోటోలో ఉండరు కదా. కెమెరాను స్టాండు మీద పెట్టి, తెర నావైపు తిప్పుకుని, పిల్లల పక్కన నేనూ కూర్చోవాలి. మగవాళ్ల జాబితాలో ఈ తెర చిట్టచివర ఉంటుంది, నా జాబితాలో మొదట ఉంది.

మైకు పెట్టుకునే రంధ్రం కూడా ఉండాల్సిందే. మా అత్తమ్మకు వచ్చిన బతుకమ్మ పాటలు మా వాడలో ఇంకెవరికీ రావు. ఇప్పుడు ఆమెకు దమ్ము ఆగడం లేదు, రెండు చరణాలకే ఆగి మంచినీళ్లు అడుగుతుంది. కెమెరాలో ఉండే మైకు ఆమె గొంతుకంటే ఫ్యాను చప్పుడే ఎక్కువ పడుతుంది. చీర కొంగుకు ఒక చిన్న మైకు తగిలిస్తే చాలు.

ఆదిలాబాద్ నా పుట్టిల్లు. 1940లలో హైమండార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉండి గోండుల బతుకును చూశారు, ఆయన ఫోటోలూ ఫిల్ములూ తీశాడు. ఆ సేకరణ ఇప్పుడు లండన్‌లో సోయాస్ దగ్గర ఉంది. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. కానీ మన అవ్వల మొహాలు చూడాలంటే పరాయి చెయ్యే కెమెరా పట్టాలా? మొన్నటిదాకా కరీంనగర్‌లో భాగమే అయిన లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టాడు. బీడీలు చుట్టిన గంగవ్వ దానితో లోకానికంతా తెలిసింది. కెమెరా ముందు మన గంగవ్వ ఉంది. కెమెరా వెనుక మనం ఎంతమందిమి?

నా లెక్క ఇప్పటికి సోనీ జడ్‌వీ-ఇ10, కెనాన్ ఆర్50, ఈ రెండింటి మధ్య ఉంది. ఆర్50కి కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంది, ఎండలో హాయి. సోనీకి లెన్సులు ఎక్కువ దొరుకుతాయి, సెకండ్‌హ్యాండ్‌లో కూడా. రెండింటి బాడీలోనూ వణుకును ఆపే ఏర్పాటు లేదు, నడుస్తూ తీస్తే ఊగుతుంది. నేను నడుస్తూ తీసేది తక్కువ కాబట్టి సర్దుకుంటాను. మీరు జాతరల వెంట నడిచేవాళ్లయితే అది ఉన్న కెమెరానే చూడండి.

కొన్నాక మెనూలో పాల్ పెట్టి, 25 ఫ్రేములు, షట్టర్ 1/50 చేసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్. లేకపోతే ట్యూబ్‌లైట్లు వీడియోలో మినుకుమినుకుమంటాయి.

షాపుకు మీరే పోండి, మరిదిని బండి నడపడానికి తీసుకుపోండి. అక్కడ లైట్లు ధగధగలాడుతుంటాయి, ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది. మెట్ల కింద చీకటి మూలకు పోయి, ఒక మనిషిని నిలబెట్టి తీసి చూడండి. బేరం ఆ తర్వాత.