గని గీత ఎవరు గీస్తారు?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి, 'టామ్ ప్రైస్' అని కొట్టండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్‌బరా ప్రాంతం వస్తుంది. అంతా ఎర్ర నేల, ఎర్ర కొండలు. కాస్త జూమ్ చేస్తే కొండల మధ్య ఎండిపోయిన కోనేరుల్లా మెట్లు మెట్లుగా దిగిన గుంటలు కనిపిస్తాయి. అవే ఇనుప ఖనిజం గనులు. వాళ్లు ఓపెన్ కట్ అంటారు, మనం ఓపెన్ కాస్ట్ అంటాం. గోదావరిఖని, మణుగూరు వైపు వాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ వారం ఆ గుంటల్లో ఒకదాని ప్లాన్ గురించి. తవ్వకం గురించి కాదు, దానికి ముందు వేసే ప్లాన్ గురించే. అసలు గొడవంతా అక్కడే ఉంది.

గని పని పొక్లెయిన్‌తో మొదలవదు, కంప్యూటర్‌లో మొదలవుతుంది. ముందు కొండకి వరసగా బోర్లు వేసి, లోపలి రాయిని బయటికి తీసి, ఏ లోతులో ఎంత ఇనుము ఉందో ల్యాబ్‌లో చూస్తారు. తర్వాత కొండ మొత్తాన్ని స్క్రీన్ మీద చిన్న చిన్న పెట్టెలుగా కోస్తారు. మైన్‌క్రాఫ్ట్ ఆడినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ప్రతి పెట్టెకీ ఒక విలువ. మంచి ఖనిజమైతే ప్లస్, ఉత్త రాయి అయితే మైనస్. ఎందుకంటే దాన్ని తవ్వి అవతల పొయ్యడానికీ డీజిల్ కావాలి కదా. కింది పెట్టె కావాలంటే దాని మీదవీ, గోడ కూలకుండా పక్కన వాలుగా ఉన్నవీ తియ్యాల్సిందే. ఇవన్నీ కూడి, తీసేసి, ఎక్కువ డబ్బు మిగిలే గుంట ఆకారాన్ని సాఫ్ట్‌వేర్ గీసిస్తుంది. దీని వెనకున్న లెక్కని 1965లో లెర్క్స్, గ్రాస్‌మన్ అనే ఇద్దరు రాశారు. నిజం చెప్పాలంటే చాలా అందమైన లెక్క.

కాకపోతే ఆ పెట్టెల మీద గుడి ఉందో, శ్మశానం ఉందో, ఊరికి నీళ్లిచ్చే ఊట ఉందో దానికి తెలీదు. 'ఇక్కడ ముట్టుకోకు' అని మనిషే చెప్పాలి.

పిల్‌బరాలో జూకన్ గార్జ్ అనే లోయలో రెండు రాతి గుహలు ఉండేవి. ఆ నేల పుట్టు కుంతి కుర్రమ, పినికురా అనే ఆదివాసులది. పక్కనే రియో టింటో కంపెనీ గని. గుహలున్న చోటికి గుంటని విస్తరించుకోవడానికి 2013లోనే ప్రభుత్వం కంపెనీకి అనుమతి ఇచ్చేసింది. పోయేలోపు ఏమున్నాయో తీసి దాచుదామని 2014లో తవ్వి చూస్తే 7,000కి పైగా వస్తువులు బయటపడ్డాయి. కంగారూ ఎముకని చెక్కి చేసిన పనిముట్టు 28,000 ఏళ్ల నాటిది. మనుషుల వెంట్రుకలతో అల్లిన నడికట్టు ముక్క 4,000 ఏళ్ల నాటిది. దాని డీఎన్‌ఏ చూస్తే, అది ఇప్పుడున్న ఆదివాసుల పూర్వీకులదే అని తేలింది. ఆ గుహలో మనుషులు 46,000 ఏళ్ల కిందట కూడా మసిలారట. మనం ముత్తాత పేరు అడిగితేనే తడుముకుంటాం!

ఇంత దొరికాక అనుమతిని మళ్లీ చూడాలి కదా? అప్పట్లో అక్కడి 1972 నాటి చట్టంలో ఆ దారే ఉండేది కాదు. నిర్ణయం నచ్చకపోతే కంపెనీ అప్పీలు చేసుకోగలిగేది, ఆదివాసులకి మాత్రం ఆ హక్కు ఉండేది కాదు. 2020 మే నెల మధ్యలో వాళ్లు 'జులైలో మా వారోత్సవాలకి గుహ చూడ్డానికి వస్తాం' అని అడిగారు. అప్పటికే పేలుడు మందు నింపుతున్నారని అప్పుడు తెలిసింది. మే 24న పేల్చేశారు.

తర్వాత గగ్గోలైంది. కంపెనీ సీఈవో, ఇంకో ఇద్దరు పెద్ద అధికారులు పదవులు వదులుకున్నారు. పార్లమెంటు కమిటీ విచారణ పెట్టింది. నన్ను కుదిపేసిన విషయం ఆ విచారణలోనే బయటికొచ్చింది. ఆ గుంటకి కంపెనీ నాలుగు ప్లాన్లు పరిశీలించింది. వాటిలో మూడింట్లో గుహలు మిగిలేవి! నాలుగోదాంట్లో ఇంకో 80 లక్షల టన్నుల మేలు రకం ఖనిజం అందుతుంది కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. దాని విలువ సుమారు 13.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఆ సైజు కంపెనీకి చిల్లర కిందే లెక్క. మిగతా మూడు ప్లాన్లు ఉన్నాయన్న సంగతే మాకు చెప్పలేదని ఆదివాసులు అన్నారు.

మన అనంతపురం–బళ్లారి సరిహద్దులో 2006లో సుగ్గులమ్మ గుడిని ఇనుప ఖనిజం కోసం పేల్చేశారని పెద్ద రచ్చ అయింది. అక్కడ 'అక్రమం' అని అరవడానికైనా వీలుంది. జూకన్‌లో అదీ లేదు. అన్ని కాగితాల మీదా సంతకాలున్నాయి. నాకు ఎక్కువ భయం వేసేది ఇదే.

గనుల మీద వాదన వస్తే మన దగ్గర ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: 'ఖనిజం ఎక్కడుంటే అక్కడే తవ్వాలి, వేరే దారేముంది?' సగం నిజం. ఖనిజం జరగదు. కానీ గుంట అంచు జరుగుతుంది, చెత్త రాయి పోసే దిబ్బ జరుగుతుంది, లారీల రోడ్డు జరుగుతుంది. నేను గనులే వద్దనేవాణ్ని కాదు. మీరు ఇది చదువుతున్న ఫోన్ నుంచి ఎక్కే బస్సు దాకా అన్నీ ఏదో ఒక గుంటలోంచి వచ్చినవే. కానీ ఆ గీత గీసేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారన్నది మాత్రం అడగాల్సిందే.

మన దేశంలో అడిగే చోటు ఒకటుంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మనకి తెలుగులో, అందుబాటులో ఉంచాలి. మీ ఊరి గ్రూపులో అలాంటి నోటీసు ఫార్వర్డ్ అయితే దండం ఎమోజీ పెట్టి వదిలెయ్యకండి. పూర్తి నివేదిక పీడీఎఫ్ సంపాదించి, నేరుగా అయిదో అధ్యాయానికి వెళ్లండి. నమూనా ప్రకారం ప్రత్యామ్నాయాల గురించి రాయాల్సింది అక్కడే. ఒకే ఒక్క పేరాతో సరిపెట్టేశారనుకోండి, 'గుంటకి ఇంకా ఎన్ని ప్లాన్లు చూశారు, అవి ఏవి?' అని సభలో మైకు తీసుకుని అడగండి. సభని వీడియో తియ్యాలి, మీ ప్రశ్నా వాళ్ల జవాబూ రాసుకుని, చివర్లో అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.