డ్రేక్ ఒక్క మాట అడగాల్సింది

పోయిన వేసవిలో మా మేనకోడలు అమెరికా నుంచి వస్తూ నాలుగు నవలలు తెచ్చింది. కేటీ మెక్‌అలిస్టర్ రాసిన ఆష్లింగ్ గ్రే సిరీస్. 2004లో వచ్చిన ‘యూ స్లే మీ’ మొదటిది, 2007 నాటి ‘హోలీ స్మోక్స్’ నాలుగోది. తెనాలిలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నేను నాలుగూ వారంలో పూర్తి చేశాను. తర్వాత ఇద్దరం రెండు రాత్రులు వాదించుకున్నాం.

కథ పారిస్‌లో మొదలవుతుంది. ఓ బంగారు డ్రాగన్ కళాఖండాన్ని ఒకావిడకు అప్పగించడానికి ఆష్లింగ్ అమెరికా నుంచి వెళుతుంది. వెళ్లేసరికి ఆవిడ హత్యకు గురై ఉంటుంది. అక్కడే కనిపించిన అందగాడు డ్రేక్ ఆ బంగారాన్ని కాస్తా కాజేస్తాడు. అతను మనిషి రూపంలో తిరిగే డ్రాగన్, ఆకుపచ్చ డ్రాగన్లకు నాయకుడు. బంగారమంటే ప్రాణం పెట్టే జాతి అది. కథానాయకుడు దొంగగా పరిచయమయ్యే ప్రేమకథ నాకు వెంటనే నచ్చింది.

అంతకన్నా నచ్చింది జిమ్. ఆష్లింగ్ పిలిస్తే వచ్చిన భూతం. నల్లటి బొచ్చుతో దూడంత ఉండే న్యూఫౌండ్‌లాండ్ కుక్క రూపంలో ఉంటాడు. ఎంత ప్రమాదం ముంచుకొచ్చినా తిండి సంగతి మరిచిపోడు, నోరు మూసుకోమంటే మూసుకోడు. ఈ సిరీస్ చదివినవాళ్లలో డ్రేక్‌ని ఇష్టపడనివాళ్లున్నారు. ఆష్లింగ్ తొందరపాటుకు విసుక్కునేవాళ్లూ ఉన్నారు. జిమ్‌ని కాదన్నవాళ్లు మాత్రం నాకింకా తగల్లేదు. మా మేనకోడలు కూడా జిమ్ మాటలు పైకి చదివి వినిపించింది.

గొడవంతా డ్రేక్ దగ్గరే. డ్రాగన్ నిప్పును తట్టుకోగలిగింది కాబట్టి ఆష్లింగ్ తన జోడీ అని అతను తేల్చేస్తాడు. ఆమె వద్దంటున్నా వినడు. ‘అత్తయ్యా, అతను ఒక్కసారైనా అడిగాడా?’ అంది పిల్ల. డ్రాగన్ల పద్ధతి అంతేనని నేను సర్దిచెప్పబోయాను. ‘పద్ధతి అనే కదా మనుషులూ చెబుతారు’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మా వయసువాళ్లం యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ చదువుకుని పెరిగాం. అందులో నాయకుడు రాజశేఖరం మౌనం, అతని అహం మాకు అందంగానే కనిపించాయి. నాయిక జయంతి పక్షాన ఈ పిల్లలా నిలదీయాలని మాలో ఎవరికీ తోచలేదు. అందుకే ‘సరదా పుస్తకానికి ఇంత చర్చెందుకు’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. సరదాగా చదివిన పుస్తకమే మనసులో లోతుగా దిగుతుంది. పదహారేళ్ల పిల్ల ప్రేమంటే ఇలా ఉంటుందనుకునేది పాఠ్యపుస్తకం చూసి కాదు.

అలాగని రచయిత్రిని తీసిపారేయను. ఆష్లింగ్ నోరు మూసుకుని కూర్చునే పిల్ల కాదు. డ్రేక్ ఆజ్ఞ వేస్తే ఎదురుచెబుతుంది, తన పని తాను చూసుకుంటుంది. నరకం ద్వారాలను కాపాడే గార్డియన్ విద్యను తప్పులు చేస్తూ, దెబ్బలు తింటూ నేర్చుకుంటుంది. పారిస్‌లో మొదలై బుడాపెస్ట్, లండన్ దాకా సాగిన ఈ కథలో నవ్వు పుట్టేది ఆమె ఎదురుచెప్పిన చోటే. ఆమె మాట చెల్లనిచోట ఆ నవ్వు చప్పబడిపోతుంది. రెండు రాత్రుల వాదన తర్వాత మేమిద్దరం ఒప్పుకున్నది ఇదొక్కటే.

ఇంగ్లీషు నవలలు చదివే పిల్లలు ఇంట్లో ఉన్న తల్లులకు, అత్తలకు నా మనవి. వాళ్ల చేతిలో డ్రాగన్ బొమ్మ అట్ట కనిపిస్తే ‘ఇవేం పుస్తకాలు’ అనకండి. అడిగి తీసుకుని, మొదటి భాగం నుంచి చదవండి. డ్రేక్ చేసింది మీకు నచ్చిందో లేదో ఆ పిల్లతో కూర్చుని చెప్పండి. తను ఏమంటుందో వినండి.