బాలెంత బడలిక

గత మాసమున నొక సోదరి మాకు దీర్ఘమైన లేఖ వ్రాసిరి. వారు ప్రసవించి 6 నెలలైనదట. ఒడలు బరువు, మాటిమాటికి మఱపు, జుట్టు రాలుట, ఎండలో సైతము చలి. ఇంటివారు దీనిని బద్ధకమనిరి. తుదకు రక్తపరీక్ష చేయింపగా టి.ఎస్.హెచ్. హెచ్చుగా నున్నదనియు, యాంటీ టి.పి.ఓ. యను ప్రతిరక్షకములు 600 కలవనియు తేలినది. "ఈ 600ను తగ్గించు మందేది?" అని వారి ప్రశ్న.

కంఠమునకు ముందువైపున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె థైరాయిడు గ్రంథి గలదు. దేహపు వేడిమి, గుండె వేగము, మనస్సు చుఱుకు దీని హార్మోనుపై నాధారపడియుండును. ఇక ప్రతిరక్షకము లనగా, రోగక్రిములను పట్టుటకై మన రక్షణకణములు తయారుచేయు మాంసకృత్తులు. ఒక్కొక్కప్పు డీ రక్షణబలము పరులను విడిచి సొంత గ్రంథినే శత్రువుగా నెంచును. కంచె చేను మేయుట యన నిదియే. టి.పి.ఓ. యనునది హార్మోను తయారీకి గ్రంథిలో పనిచేయు నొక ఎంజైము. దానికి ప్రతికూలముగా పుట్టినవాటినే ఈ పరీక్ష లెక్కించును.

1912లో జపాను వైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల గళగండములను సూక్ష్మదర్శినితో చూచి, గ్రంథి నిండ తెల్లకణములు చేరియుండుటను ప్రకటించెను. అవి యచ్చట కేల చేరెనో చాలకాలము తెలియలేదు. 1956లో లండనున డెబొరా డోనియాక్ అను వైద్యురాలును, ఐవన్ రోయిట్, పీటర్ కాంప్‌బెల్ గార్లును అట్టి రోగుల రక్తమున గ్రంథికి విరుద్ధమగు ప్రతిరక్షకములను కనుగొనిరి. స్త్రీలకే పలురెట్లు హెచ్చుగా వచ్చు వ్యాధి మర్మమును విప్పినవారిలో నొక స్త్రీ యుండుట మాకు ముచ్చటగా నున్నది.

సోదరికి మా సమాధాన మిది: ఆ యంకెను తగ్గింప ప్రయత్నింపవలదు. గ్రంథిని ముఖ్యముగా చెఱచునవి లోపల చేరిన తెల్లకణములే, టి.పి.ఓ. ప్రతిరక్షకములు చాలవఱకు ఆ పోరునకు సాక్షులు. సాక్షి నోరు నొక్కినంతమాత్రమున పోరాగదు. చికిత్స హార్మోను లోటునకే గాని ఈ యంకెకు గాదు. ఏ బాధయు లేని స్త్రీలలో సైతము పదింట నొకరికి పైగా నివి కానవచ్చును. 2019లో బ్రిటనున ప్రకటించిన పరిశోధనమున, గ్రంథి చక్కగా పనిచేయుచు ప్రతిరక్షకములు మాత్రము గల 900కు పైబడిన స్త్రీలలో కొందఱికి హార్మోను మాత్రయు, తక్కినవారికి ఉత్త మాత్రయు నిచ్చి చూచిరి. సంతానఫలము రెండు పక్షములకును సమానమే యైనది.

అయినచో పరీక్ష వ్యర్థమా? కాదు. రాబోవు దానిని సూచించుటయే దాని పని. ఇంగ్లాండులోని విక్‌హాము ప్రాంతమున 20 ఏండ్లు ప్రజలను కనిపెట్టి చూడగా, టి.ఎస్.హెచ్. హెచ్చి ప్రతిరక్షకములును గల స్త్రీలలో ఏటేట నూటికి సుమారు నలుగురికి గ్రంథి పూర్తిగా మందగించినది.

బాలెంతల సంగతి వేఱు. గర్భిణీదశలో కొంత అణగియున్న రక్షణబలము ప్రసవానంతరము మరల విజృంభించును. ప్రతిరక్షకములు గల తల్లులలో మూడవవంతు మొదలు సగమువఱకు ఆ యేడాదిలోపల గ్రంథి తబ్బిబ్బగును. మొదట గుండెదడ, చెమట, చిఱాకు, పిదప మాంద్యము. పెక్కుమందికి ఏడాదిలో సర్దుకొనును, కొందఱికి నిలిచిపోవును. సర్దుకొన్నవారు సైతము ఏట నొకసారి టి.ఎస్.హెచ్. చూపించుకొనవలెను.

సాక్షులు గాక స్వయముగా పనిచేయు ప్రతిరక్షకములును గలవు. గ్రేవ్స్ వ్యాధిలో నవి గ్రంథికి తాళపుచెవివలె తగిలి హార్మోనును అతిగా తయారుచేయించును. మాయను దాటి గర్భస్థశిశువునకును సోకగలవు. కావున గ్రంథిని తీసివేయించుకొన్నవారైనను గర్భము ధరించినప్పుడు ఆ పూర్వచరిత్రను వైద్యులకు తప్పక చెప్పవలెను.

లేఖ వ్రాసిన సోదరి వైద్యులిచ్చిన మాత్రను పరగడుపున వేసికొనవచ్చును. బిడ్డకు పాలిచ్చుట కది యడ్డు గాదు. బాలెంతల కిచ్చు ఇనుము, కాల్షియము మాత్రలను మాత్రము దానికి 4 గంటలు ఎడముగా నుంచవలెను. ఈ పుటను వారు తమ యత్తగారికి చదివి వినిపింపవలెనని మా కోరిక.